నియంతృత్వంలో పోలీసు ఎలా మారతాడు: 33 ఏళ్ళు ఖాకీ వేసుకున్నవాడి సమాధానం

ప్రశ్న వేసిన అమ్మాయి తిరుపతిలో లా రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ నాన్నగారు కానిస్టేబుల్. ఆమె అడిగింది క్లుప్తంగా ఇది: "నియంతల పాలనలో పోలీసులు జనాన్ని అదుపులో పెట్టే పనిముట్టుగా ఎలా మారతారు? అందుకోసం క్రూరులను ఏరి మరీ తీసుకుంటారా, లేక మా నాన్నలాంటి మామూలు మనుషులే అలా అయిపోతారా?"

ముందు సూటిగా చెప్తానమ్మా. మామూలు మనుషులే అలా అయిపోతారు. కొత్త పోలీసులు అక్కర్లేదు. చాలాసార్లు కొత్త చట్టాలు కూడా అక్కర్లేదు. పోలీసు ఎవరికి భయపడుతున్నాడు అన్నది మారితే చాలు. రేపు కోర్టులో జడ్జి అడుగుతాడని భయపడే ఎస్సై ఒకలా పనిచేస్తాడు. రాత్రికి ఫోన్ వస్తుందని, తెల్లారేసరికి వీఆర్‌కు పంపేస్తారని భయపడే అదే ఎస్సై ఇంకోలా పనిచేస్తాడు. మనిషి అతడే, లాఠీ అదే, స్టేషన్ అదే.

నేను 1985లో ఎస్సైగా చేరాను. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల స్టేషన్లలో పనిచేసి 2018లో డీఎస్పీగా రిటైరయ్యాను. జర్మనీ, రష్యా చరిత్ర తీరిగ్గా చదివింది రిటైరయ్యాకే. చదువుతుంటే చాలా చోట్ల ఆగిపోయాను, ఎందుకంటే అక్కడి ఉత్తర్వుల భాష నాకు తెలిసిన భాషే. నా అనుభవాలు చెప్పేటప్పుడు ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు రాయను.

వీఆర్ అంటే బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెప్తాను. వేకెన్సీ రిజర్వ్. పోస్టింగ్ తీసేసి పై ఆఫీసులో రిపోర్ట్ చేయమంటారు. అది సస్పెన్షన్ కాదు, కాబట్టి మీ తప్పేమిటో కాగితం మీద ఉండదు. తప్పు రాయలేదు కాబట్టి దేన్ని సవాలు చేయాలో కూడా తెలియదు. జీతం నెలల తరబడి ఆగుతుంది. అద్దె ఇల్లు, పిల్లల స్కూలు, ఊళ్ళో ముసలి తల్లిదండ్రులు. ఒక అధికారిని లొంగదీయడానికి తుపాకీ అక్కర్లేదు, ఇది చాలు. ప్రజాస్వామ్యంలోనే దీనికి ఇంత బలం ఉంటే, కోర్టులు, పత్రికలు నోరు మూసుకున్న దేశంలో ఎంత ఉంటుందో ఊహించండి.

"రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా" అంటారు మన పెద్దలు. ఆ దెబ్బ కొట్టే చెయ్యి రాజుది కాదు. ఆ చెయ్యి ఎవరిది, అది ఎందుకు లేస్తుంది అన్నదే మీ ప్రశ్న.

మన పోలీసు పుట్టుక నుంచి మొదలుపెట్టాలి. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్ళం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు కింద ఉండేది. కంపెనీ కాలంలో శిస్తు వసూలు చేసే తాసీల్దారే పోలీసు అధికారి కూడా. ప్రెసిడెన్సీలో జరుగుతున్న చిత్రహింసల మీద వేసిన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. వేళ్ళను చెక్కల మధ్య పెట్టి బిగించే కిట్టి, మనిషిని వంచి మెడకూ కాళ్ళకూ కలిపి కట్టి ఎండలో ఉంచడం, ఇలాంటివి అందులో ఉన్నాయి. ఇవి దొంగ చేత నేరం ఒప్పించడానికి మాత్రమే కాదు, శిస్తు కట్టలేని రైతు మీద కూడా వాడారు. పోలీసు అధికారం, పాలకుడి అవసరం ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో చూడటానికి బెర్లిన్ దాకా పోనక్కర్లేదు.

ఆ తర్వాత 1859లో మద్రాసులో పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు. 1857 తిరుగుబాటు అయ్యాక 1861లో పోలీసు చట్టం వచ్చింది. అప్పటికి ఇంగ్లీషువాళ్ళ దగ్గర రెండు నమూనాలు ఉన్నాయి. ఒకటి 1829లో లండన్‌లో పెట్టిన పోలీసు, చేతిలో తుపాకీ లేకుండా వీధుల్లో నడిచేవాడు. రెండోది ఐర్లండ్‌ను అణచిపెట్టడానికి పెట్టిన కాన్‌స్టాబులరీ, ఆయుధాలతో బారక్‌లలో ఉండేది, డబ్లిన్‌లోని పాలకులకే జవాబు చెప్పేది. మనకు తెచ్చింది ప్రధానంగా రెండోదాన్ని.

అంతకుముందు మా పడమటి సీమలో పాలెగాళ్ళ కావలి ఉండేది. కావలి రుసుము తీసుకున్నవాడు, ఊళ్ళో దొంగతనం జరిగితే సొత్తు పట్టి ఇవ్వాలి, లేకపోతే నష్టం కట్టాలి అన్నది కట్టుబాటు. అది మంచి కాలమని నేను అనను, కావలివాళ్ళే దోచుకున్న సందర్భాలు బోలెడు. కానీ కాగితం మీదైనా ఊరికి జవాబు చెప్పాలన్న మాట ఒకటి ఉండేది. 1861 తర్వాత జవాబుదారీ అంతా పైకే పోయింది, కిందికి ఏమీ మిగల్లేదు. మైకులో "సెక్షన్ 30 అమల్లో ఉంది, అనుమతి లేకుండా ర్యాలీలు తీయరాదు" అని మీరు వినే ఉంటారు. అది ఆ 1861 చట్టంలోదే.

ఇక జర్మనీ. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యేనాటికి వీధుల్లో ఉన్నది పాత ప్రజాస్వామ్య ప్రభుత్వం నాటి పోలీసులే. అన్నిటికంటే పెద్ద రాష్ట్రం ప్రష్యాలో హోం శాఖ హిట్లర్ అనుచరుడు గోరింగ్ చేతికి వచ్చింది. ఫిబ్రవరి 17న ఆయన పోలీసులకు ఒక ఉత్తర్వు పంపాడు. దాని సారాంశం: విధి నిర్వహణలో తుపాకీ వాడిన పోలీసును, ఫలితం ఏదైనా సరే, నేను కాపాడతాను. జాలిపడి వెనకాడినవాడి మీద శాఖాపరమైన చర్య ఉంటుంది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మాకు ట్రైనింగ్‌లో నేర్పింది దీనికి సరిగ్గా తలకిందులు: బలం వాడితే ఎందుకు వాడావో నువ్వే చెప్పుకోవాలి. గోరింగ్ ఆ భారాన్ని తిప్పేశాడు. వాడనివాడు ఎందుకు వాడలేదో చెప్పుకోవాలి. ఆ ఒక్క కాగితంతో ప్రష్యా పోలీసు భయం దిశ మారిపోయింది.

ఐదు రోజులకు దాదాపు 50,000 మంది నాజీ పార్టీ దళాల వాళ్ళను, వాళ్ళ మిత్ర సంఘాల వాళ్ళను చేతికి పట్టీ కట్టి సహాయక పోలీసులను చేశారు. 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే అత్యవసర ఉత్తర్వుతో పౌరహక్కులు పోయాయి. కేసు లేకుండా, విచారణ లేకుండా మనుషుల్ని లోపల వేయడానికి వాడిన పేరు "రక్షణ నిర్బంధం". పేరు వింటే ఆ మనిషినే కాపాడుతున్నట్టు ఉంటుంది. 1936 ఫిబ్రవరిలో నాజీల రహస్య పోలీసు గెస్టపో చేసే పనుల మీద పరిపాలనా కోర్టులు విచారణ జరపకూడదని చట్టం చేశారు. అదే ఏడాది జూన్‌లో నాజీ పార్టీ సాయుధ దళం ఎస్‌ఎస్ అధిపతి హిమ్లర్‌ను దేశం మొత్తం పోలీసులకు అధిపతిని చేశారు. మొత్తం మూడున్నరేళ్ళు కూడా పట్టలేదు.

కోర్టు తలుపు మూసుకోవడం గురించి మన అనుభవం కూడా చెప్పాలి. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు ఒక రోజు బడికి రాలేదు. ఎక్కడికి తీసుకెళ్ళారని అడగడానికి స్టేషన్‌కు వెళ్ళే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. ఎమర్జెన్సీ అక్రమాలను తర్వాత విచారించిన షా కమిషన్ లెక్క ప్రకారం ఆ కాలంలో దేశంలో మీసా (విచారణ లేకుండా నిర్బంధించే అంతర్గత భద్రత చట్టం) కింద 34,988 మందిని నిర్బంధించారు. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద అరెస్టయినవాళ్ళు ఇంకో 75,818 మంది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం నిర్బంధం అక్రమమని హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేసే హక్కు లేదని నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా చెప్పింది. ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఎవరైనా పోలీసు కక్షతో మనిషిని చంపేస్తే అప్పుడు దిక్కేమిటని ఆయన అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దిక్కు లేదని అటార్నీ జనరలే కోర్టులో ఒప్పుకున్నారు.

మీ లా కాలేజీలో ఇది రాజ్యాంగ పాఠంగా చెప్తారు. నేను స్టేషన్ వైపు నుంచి చెప్తాను. అడిగే జడ్జి లేడని తెలిసిన స్టేషన్ మారడానికి వారం చాలు. మొదట అరెస్టు టైము రాయడం మానేస్తారు. తర్వాత బంధువులకు చెప్పడం మానేస్తారు. ఆ తర్వాత రికార్డులో లేని మనిషి లాకప్‌లో ఉంటాడు. కేరళలో ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్‌ను 1976 మార్చి 1న తీసుకెళ్తే, వాళ్ళ నాన్న కోర్టులో నిలబడి కొడుకు ఏడని అడగడానికి 1977 దాకా, అంటే ఎమర్జెన్సీ పోయేదాకా ఆగాల్సి వచ్చింది. కొడుకు శవం కూడా ఆయనకు దక్కలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలో రెండో సగం, నాకు ఎక్కువ బాధ కలిగించేది. మంచివాళ్ళు ఎందుకు ఒప్పుకుంటారు?

1942 జూలై 13. పోలండ్‌లో యూజెఫూవ్ అనే ఊరు. జర్మన్ రిజర్వ్ పోలీసు బెటాలియన్ 101, దాదాపు 500 మంది. ఎక్కువమంది హాంబర్గ్ నుంచి వచ్చిన నడివయసు మనుషులు, డాక్‌లో కూలీలు, లారీ డ్రైవర్లు, గుమాస్తాలు. కమాండర్ ట్రాప్ తెల్లవారుజామున వాళ్ళను వరసలో నిలబెట్టి, ఊళ్ళోని యూదు స్త్రీలను, పిల్లలను, ముసలివాళ్ళను కాల్చాలని పై ఆర్డర్ వచ్చిందని చెప్పాడు. చెప్తున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు. పెద్దవాళ్ళలో ఈ పని చేయలేమనుకున్నవాళ్ళు పక్కకు రావచ్చన్నాడు. వచ్చింది పన్నెండు మంది దాకా. వాళ్ళకు ఏ శిక్షా పడలేదు. ఆ రోజు దాదాపు 1,500 మందిని చంపారు. మధ్యలో తట్టుకోలేక తప్పుకున్నవాళ్ళు ఇంకొందరు ఉన్నారు, కానీ అత్యధికులు పని పూర్తి చేశారు.

ఎందుకని తర్వాత విచారణలో అడిగితే చాలామంది మాటల్లో తేలింది ఒకటే. తోటివాళ్ళ ముందు పిరికివాడిలా కనిపించడం ఇష్టం లేదు. తాను తప్పుకుంటే ఆ పని పక్కవాడి మీద పడుతుంది. అమ్మా, ఇది నాకు తెలుసు. ప్రాణాలు తీసే చోట కాదు, చాలా చిన్న పనుల్లో. బ్యారక్‌లో, స్టేషన్‌లో "నువ్వొక్కడివేనా సత్యహరిశ్చంద్రుడివి?" అన్న మాటకు ఉన్న బలం ఏ ఉత్తర్వుకూ లేదు.

నా సంగతే చెప్తాను. 1990ల మధ్యలో పడమటి మండలాల్లో ఒక స్టేషన్‌కు నేను ఎస్సైని. ఎండాకాలం, బోర్లు ఎండిపోయాయి. ఒక మనిషి, నలభై ఏళ్ళుంటాయి, ఆడవాళ్ళందరినీ ఖాళీ బిందెలతో రోడ్డు మీదికి తెచ్చి బస్సులు ఆపించాడు. రెండుసార్లు ఆపించాడు, రెండు కేసులు అయ్యాయి. మూడోసారి ఒక పెద్దాయన కారు ఆగిపోయింది. ఆ రాత్రి నాకు పై అధికారి నుంచి ఫోన్. ఆర్డర్ ఏమీ ఇవ్వలేదు. ఒక ప్రశ్న అడిగారు: "ఆ మనిషి మీద షీట్ ఎందుకు లేదు?" ఇలాంటి ఆర్డర్లు చాలాసార్లు ప్రశ్నల్లాగే వస్తాయి. రాసి పంపండి సార్ అనడానికి నాకు నోరు రాలేదు. అప్పటికి ఆరు నెలల ముందే ట్రాన్స్‌ఫర్ అయి వచ్చాను, ఇద్దరు చిన్న పిల్లలు. మర్నాడు రౌడీ షీట్ తెరిచాను. సంతకం నాది.

తర్వాత ఏం జరిగిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే అదుపు అనేది ఎలా పనిచేస్తుందో నేను కళ్ళతో చూసింది ఇక్కడే. ఆ మనిషి మీద చెయ్యి ఎవరూ వేయలేదు. ప్రతి ఆదివారం స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి. పొద్దున వస్తే మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చోబెట్టేవాళ్ళు, రైటర్ ఖాళీగా లేడని. బీట్ కానిస్టేబుల్ రాత్రి 11కి వాళ్ళ ఇంటి తలుపు తట్టి "ఉన్నాడా?" అని అడిగేవాడు. వీధి మొత్తానికి వినపడేది. ఎలక్షన్ వస్తే తాసీల్దారు ముందు బైండోవర్, అంటే గొడవ చేయనని పూచీ రాసివ్వడం, జామీనుకు మనుషుల్ని వెతుక్కోవాలి. పండగకు పక్క ఊరు పోవాలన్నా చెప్పి పోవాలి. ఏడాదిలోగా ఆయన కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది, వాళ్ళకు షీట్ సంగతి ఎవరో చెప్పారట. ఆ తర్వాత ఆయన బిందెల దగ్గరికి రాలేదు. ఆయన రాకపోతే ఆడవాళ్ళూ రాలేదు. రోడ్డు గొడవ ఆగిపోయింది, మా రికార్డులో శాంతిభద్రతలు మెరుగుపడ్డాయి. నీళ్ళు మాత్రం రాలేదు.

అందరూ నియంతృత్వ పోలీసు అంటే బూటు, లాఠీ, తుపాకీ అనుకుంటారు. ఎక్కువ పని చేసేది రిజిస్టరు.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట. రౌడీ షీట్ అసెంబ్లీ చేసిన చట్టంలోంచి వచ్చింది కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్‌లోంచి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి నిఘా మీదే ఖరక్ సింగ్ అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962లో మెజారిటీ జడ్జీలు రాత్రిపూట ఇంటికి వెళ్ళి తలుపు తట్టడాన్ని మాత్రం కొట్టేసి మిగతా నిఘాను వదిలేశారు. మన తెలుగువాడు జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. వెంట నీడలా పోలీసు ఉన్న మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదని, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని వేరుగా తీర్పు రాశారు. 2017లో గోప్యత హక్కు తీర్పు ఆయన వైపే నిలబడింది. నా స్టేషన్‌లో రాత్రి 11కి తలుపు తట్టేనాటికి ఆ పని తప్పని సుప్రీంకోర్టు చెప్పి ముప్ఫై ఏళ్ళు దాటింది. అది నాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. మీరు చదువుతున్నారు కాబట్టి మీ నాన్నగారికి చెప్పండి.

భయం దిశ మారడం మొదటి మార్పు. రెండో మార్పు: ఏం చేశాడన్నది పోయి ఎవరన్నది మిగలడం. నేరం పనిలో ఉంటుంది. నియంతృత్వం దాన్ని మనిషిలో పెడుతుంది. బ్రిటిష్‌వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కులంలో పుట్టినవాళ్ళను పుట్టుకతోనే నేరస్థుల జాబితాలో వేసి, వేలిముద్రలు తీసి, హాజరు పిలిచి, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. నేను చేరింది 1985లో. నా మొదటి స్టేషన్‌లో ఏ దొంగతనం జరిగినా పెద్ద హెడ్ కానిస్టేబుల్ ముందు జీపు పోనిచ్చేది ఎరుకల కాలనీకే. చట్టం పోయి 33 ఏళ్ళు, అలవాటు పోలేదు. తెల్లవాళ్ళ పాలన నాటి దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాల్సిన పాసు చూపించకపోతే అరెస్టు. ఆ పాసు చట్టాలకు వ్యతిరేకంగా షార్ప్‌విల్‌లో 1960 మార్చి 21న గుమిగూడినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. వాళ్ళు చేసిన నేరం ఏమిటని వెతికితే ఏమీ దొరకదు. వాళ్ళు ఎవరన్నదే నేరం.

దీనికి జనం ఒప్పుకోలు కూడా కావాలి. 2015 ఏప్రిల్ 7న మన శేషాచలం అడవుల్లో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులు, బూటకపు ఎన్‌కౌంటర్ అని హక్కుల సంఘాలు. ఆ దర్యాప్తులో నేను లేను, తీర్పు చెప్పే స్థానం నాది కాదు. నాకు గుర్తుండిపోయింది మర్నాడు టీ కొట్టు దగ్గర విన్న మాట: "స్మగ్లర్లే కదా." ఇరవై మంది చనిపోతే ఎలా చనిపోయారని అక్కడ ఎవరూ అడగలేదు. అలా అడగని జనం ఉన్నచోట పోలీసును వాడుకోవడం ఎవరికైనా సులువు.

మూడోది టార్గెట్. 1937 జూలై 30న సోవియట్ రహస్య పోలీసు శాఖ 00447 నంబర్ ఆర్డర్ ఇచ్చింది. ఏ ప్రాంతంలో ఎంతమందిని కాల్చాలి, ఎంతమందిని క్యాంపులకు పంపాలి అని ముందే అంకెలు. కింది అధికారులు మా కోటా పెంచండని పైకి రాసుకున్నారు. 1937, 1938 రెండేళ్ళలో వాళ్ళ రికార్డుల ప్రకారమే 6,81,692 మందికి మరణశిక్ష అమలైంది. ఆ ఆర్డర్ మీద సంతకం చేసిన యెజోవ్‌నూ 1940లో కాల్చేశారు. మన దగ్గర నెలాఖరు పెట్టీ కేసుల టార్గెట్‌ను దానితో పోల్చను, అది అన్యాయం. కానీ అంకె ముందు వచ్చి మనిషి తర్వాత వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. 30వ తారీఖు రాత్రి బస్టాండ్ దగ్గర పడుకున్నవాడు, 5వ తారీఖున అదే చోట పడుకుంటే ఎవరికీ కనపడడు.

ఇన్ఫార్మర్ల గురించి క్లుప్తంగా. తూర్పు జర్మనీలో కోటీ అరవై లక్షల జనాభాకు 1989లో రహస్య పోలీసు సంస్థ స్టాసీ ఉద్యోగులు 91,000 మంది దాకా. వాళ్ళకు రహస్యంగా సమాచారం ఇచ్చేవాళ్ళు ఇంకో లక్షా ఎనభై తొమ్మిది వేల మంది దాకా. 1992 నుంచి జనం తమ ఫైళ్ళు తాము చదువుకునే వీలు వచ్చాక, తమ గురించి రాసింది స్నేహితుడని, కొన్ని ఇళ్ళలో భర్తేనని తెలిసింది. గెస్టపోకు కూడా అంత సిబ్బంది లేరు, ఎన్నో కేసులు పక్కింటివాళ్ళ ఫిర్యాదులతోనే మొదలయ్యాయి. అప్పులు, గట్టు తగాదాలు, అసూయ. స్టేషన్‌కు వచ్చే ఆకాశరామన్న ఉత్తరాలు చదివినవాడికి ఇది కొత్త కాదు. మంచి ఎస్సై వాటిని చదివి, విచారించి, పక్కన పెడతాడు. ప్రతి ఉత్తరానికీ ఒక మనిషిని లోపల వేయమని చెప్పే పాలన వస్తే ఊరు ఊరే స్టేషన్ అవుతుంది.

అయితే పోలీసు అదుపు అంతా చెడ్డది అనుకోవద్దు. తిరుమలలో గరుడ సేవ బందోబస్తు నేను చాలాసార్లు చేశాను. లక్షల మంది, ఇరుకు వీధులు. చేతిలో తాడు, నోట్లో "గోవిందా", "నిదానం తల్లీ, నిదానం". పిల్లలు తప్పిపోతే భుజాన ఎక్కించుకుని మైకు దగ్గరికి తెచ్చే కానిస్టేబుల్‌కు జనం దారి ఇచ్చేవాళ్ళు, ఎందుకంటే ఆ తాడు తమ ప్రాణం కోసమేనని వాళ్ళకు తెలుసు. అదే కానిస్టేబుల్‌ను ఇంకో రోజు ఒక నాయకుడి ఇంటి ముందు నిలబెడతారు, ఆయన బయటికి రాకుండా. దానికి హౌస్ అరెస్ట్ అని పేరు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా పెద్దవాళ్ళ పర్యటన అంటే ఇది మామూలైపోయింది. ఏ సెక్షన్ కింద అని ఆ ఇంటి ఆడవాళ్ళు అడిగితే ఆ కానిస్టేబుల్ దగ్గర జవాబు ఉండదు. తల దించుకుని నిలబడతాడు. మీ నాన్నగారు కూడా నిలబడి ఉంటారు, అడిగి చూడండి.

పోలీసును ఇలా పాలకుల పనికి వాడితే నేరాలు తగ్గుతాయన్నది అబద్ధం. ఒకసారి పెద్దల పర్యటనకు స్టేషన్ మొత్తం మూడు రోజులు బందోబస్తులో ఉంది. రెండో రోజు ఒక తల్లి, కూతురు కనపడట్లేదని వచ్చింది. సెంట్రీ తప్ప ఎవరూ లేరు. ఎల్లుండి రమ్మన్నారు. ఆ పిల్ల దొరికింది, దేవుడి దయ, కానీ తొమ్మిది రోజులకు, ఇంకో రాష్ట్రంలో. మొదటి రోజే వెతికితే బస్టాండ్‌లోనే దొరికేది. పాలకుడిని కాపాడే పనిలో ఉన్న పోలీసుకు ప్రజలను కాపాడే టైము ఉండదు. ఇది ఎంత చెప్పినా తక్కువే.

రౌడీ షీట్లన్నీ తప్పని కూడా నేను అనను. డబ్బు తీసుకుని మనుషుల్ని నరికినవాళ్ళ మీద షీట్లు నేనే తెరిచాను, వాటికి ఇప్పటికీ బాధపడను. మన దేశం నియంతృత్వమా అని ఎవరైనా అడిగితే కాదనే చెప్తాను. నేను రాసిన ఈ సమాధానమే దానికి సాక్ష్యం. కానీ పనిముట్లు మన స్టోర్ రూమ్‌లో కూడా ఉన్నాయి, కొన్ని 1861 నుంచి.

నన్నడిగితే అన్నిటికంటే ముందు కావలసింది పోస్టింగ్‌కు భద్రత. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చింది. డీజీపీకి, ఫీల్డులో ఉన్న ఎస్పీకి, స్టేషన్ అధికారికి కూడా కనీసం రెండేళ్ళు ఒకే చోట, దర్యాప్తు వేరు, శాంతిభద్రతలు వేరు, ఫిర్యాదుల కోసం విడిగా ఒక సంస్థ. వాటిలో నా జీవితాన్ని మార్చగలిగేది ఆ రెండేళ్ళే. 33 ఏళ్ళ సర్వీసులో ఒక స్టేషన్‌లో పూర్తిగా రెండేళ్ళు ఉన్నది రెండుసార్లు. ఆ రెండు చోట్లే నేను ఫోన్లకు "చూస్తాను సార్" అని చెప్పి చూడకుండా ఉండగలిగాను.

చివరగా, మీ నాన్నగారిలాంటి వాళ్ళు చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది. నాకు ఇది నేర్పింది నా కింద పనిచేసిన ఒక హెడ్ కానిస్టేబుల్. రాత్రిపూట స్టేషన్ ఇన్‌ఛార్జిగా ఉండగా పైనుంచి ఫోన్, ఫలానా మనిషిని తెచ్చి కూర్చోబెట్టు, కేసేమీ వద్దు, పొద్దున చూద్దాం అని. ఆయన తెచ్చాడు. తెచ్చి, స్టేషన్‌లో జరిగినవన్నీ రోజూ రాసే జనరల్ డైరీ (జీడీ) తెరిచి రాశాడు: రాత్రి 11.40, ఫలానా అధికారి ఫోన్‌లో చెప్పిన మీదట, ఫలానా వ్యక్తిని స్టేషన్‌కు తీసుకువచ్చాను, కేసు నంబర్ లేదు. రాసి, మళ్ళీ ఫోన్ చేసి, జీడీలో ఎంట్రీ వేశాను సార్ అని వినయంగా చెప్పాడు. ఆ మనిషిని అరగంటలో ఇంటికి పంపేయమన్నారు. దాన్నీ రాశాడు, 12.15. జీడీ పేజీలకు వరుస నంబర్లు ఉంటాయి, చించడానికి కుదరదు. స్టేషన్‌లో ఆ డైరీ తప్పనిసరిగా ఉండాలని చెప్పేది కూడా ఆ 1861 చట్టమే, సెక్షన్ 44.